పాత లైను మీద కొత్త తీగ

కొడవలూరు పొలాల్లో మోటార్ల కోసం కరెంటు స్తంభాలు పాతుతున్న ఏడు, పోలేరయ్య సముద్రం వదిలి కూలికి వచ్చాడు. గాలివాన అతని తెప్పనూ వలనూ ఎత్తుకుపోయింది. భార్య అంకాలమ్మ కూడా వచ్చి గుంతల దగ్గర మట్టి మోసేది. అందరికంటే తక్కువ కూలి మట్టి మోసే ఆడవాళ్లకే. కింద నిలబడి తీగ లాగేవాళ్లకు రూపాయిన్నర, స్తంభం ఎక్కేవాళ్లకు మూడు. వానొస్తే ఎవరికీ ఏమీ లేదు. చిన్నప్పుడు తాటిచెట్లు ఎక్కిన కాళ్లు గనక పోలేరయ్య త్వరలోనే ఎక్కేవాళ్లలో కలిశాడు.

ఒకరోజు మేస్త్రీ హజరత్తయ్య అందరినీ పిలిచాడు.

"రైసుమిల్లుకు పోయే పాత లైను మీదుగా మన తీగ దాటించాల. ఎక్కినోడికి ఈ పూటకే ఆరు రూపాయలు."

మిగతా ఎక్కేవాళ్లు వెనక్కి జరిగారు. పోలేరయ్య తువ్వాలు నడుముకు బిగించాడు.

"ఎక్కబాకు మామా," అంది అంకాలమ్మ. "ఊరికే ఇస్తారా ఆరు రూపాయలు?"

"కరెంటు ఆపించినాను గదమ్మే. సైకిలేసుకోని పోయి ఆపించొచ్చిన మనిషి మళ్లా పోయి పనైందని చెప్పేదాకా స్విచ్చి వెయ్యరు," అన్నాడు మేస్త్రీ. "చూడు, మిల్లు కూడా ఆగిపోయుండాది."

నిజమే, పొద్దున్నుంచి దడదడలాడిన మిల్లు చప్పుడు చేయడం లేదు.

పోలేరయ్య ఎక్కాడు. పైన గాలి ఎక్కువగా ఉంది. కొత్త తీగ ఒక కొస అతని చేతుల్లో ఉంది, రెండో కొస పాత లైనుకు అవతల నలుగురు కూలీలు పట్టుకున్నారు. తీగ పాత లైనుకు మూరెడు పైన ఊగుతోంది. దాన్ని ఇంకొంచెం బిగించి కట్టేస్తే పని అయిపోతుంది.

అప్పుడు మిల్లు మోగింది.

పోలేరయ్య చేతిలో తీగ ఉన్నట్టుండి బరువెక్కినట్టయింది. వదిలితే పాత లైను మీద పడుతుంది. పడితే అవతలి నలుగురూ బూడిదే. వాళ్లు వదిలినా అంతే, అప్పుడు పోయేది తను.

"మేస్త్రీ! మిల్లు ఆడతా ఉండాది!"

"వాళ్లకి ఆయిలింజను ఉండాదిరా! భయపడబాకు, లాగు!"

ఉందేమో. లేదేమో. చెమట కళ్లలోకి దిగుతున్నా తుడుచుకునే చెయ్యి లేదు. తీగ జానెడు కిందికి జారింది.

కింద అంకాలమ్మ గంప పారేసి ఆ నలుగురి దగ్గరికి పరుగెత్తింది. "మేస్త్రీ మాట కాదు, ఆయన మాట ఇనండయ్యా! మీకు పున్నెముంటది!"

"నేను హైలెస్సా అనగానే వదిలేసి ఎనక్కి పరిగెత్తండి!" అని అరిచాడు పోలేరయ్య. అందరూ కలిసి వల లాగేటప్పుడు వేసే కేక అది.

"హైలెస్సా!"

తీగను బలమంతా పెట్టి దూరంగా విసిరి స్తంభానికి కరుచుకున్నాడు. నీలం మంట లేచింది. పిడుగు పడ్డట్టు చప్పుడైంది. తీగ రెండుగా తెగి, పొగలు కక్కుతూ మడిలో పడింది.

హజరత్తయ్య బురదలోనే కూలబడిపోయాడు. సైకిలు మనిషి మళ్లీ పోయి కనుక్కుని వచ్చాక సంగతి తెలిసింది. మిల్లువాళ్లు తొందరపెట్టడంతో, స్విచ్చి దగ్గరివాళ్లు పని అయిపోయిందనుకుని వేసేశారు.

సాయంత్రం పోలేరయ్యకు మూడు రూపాయలే ముట్టాయి. "తీగ దాటలేదు గదరా. కాలిపోయిన తీగ ఖరీదు కంట్రాక్టరు నా దాంట్లో పట్టుకుంటా ఉండాడు," అన్నాడు మేస్త్రీ, మొహం చూడలేక.

మర్నాడు కంట్రాక్టరు జీపులో వచ్చి ఎనిమిది రూపాయలన్నాడు. అంకాలమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"కూలి సంగతి తర్వాత," అన్నాడు పోలేరయ్య. "స్విచ్చి దగ్గర మాతో తీగ లాగే చిన్నపోలయ్య కూర్చోవాల. పాత లైను మీద గొలుసేసి, దాని కొస భూమిలో దిగ్గొట్టాల, కరెంటు వదిలినా నేలలోకే పోవాల. అప్పుడెక్కతా."

కంట్రాక్టరు గొణిగాడు గాని, వానలు ముంచుకొస్తున్నాయి. రెండూ చేయించాడు.

పోలేరయ్య ఎక్కాడు. తీగ కట్టినంతసేపూ చెవులు మిల్లు వైపే. అది మోగలేదు. అయినా ప్రతి ముడీ రెండుసార్లు తప్పి, మూడోసారికి పడింది.

దిగి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. అంకాలమ్మ గంజి ముంత అందించింది. పట్టుకోలేకపోయాడు. ఆమే పక్కన కూర్చుని, ముంత నోటికి ఆనించి, కొంచెం కొంచెంగా తాగించింది.