నలభై ఏడు సెకన్లు

కౌన్సెలింగ్ పీజీ రెండో ఏడాదిలో ఒక నియమం ఉంది. తన దగ్గరికి వచ్చిన మనిషితో జరిపిన సంభాషణను విద్యార్థి అతని అనుమతితో రికార్డు చేసి, పొల్లుపోకుండా కాగితం మీద ఎత్తి రాయాలి. దగ్గు, నిట్టూర్పు, మౌనం సహా. మౌనమైతే ఎన్ని సెకన్లో కూడా వేయాలి. మనసును సెకన్లలో కొలవడం శాస్త్రమా, శాస్త్రం వేషమా అన్న సందేహం, పన్నెండేళ్ళు రక్తపరీక్షల ల్యాబులో పనిచేసి ఈ కోర్సులో చేరిన ఆమెకు అప్పుడప్పుడు కలిగేది. అయితే కొలవడం చేతనైన పని కాబట్టి నోరు మెదపకుండా కొలిచేది. క్లాసులో ఆమెకు ‘స్టాప్‌వాచ్’ అని పేరు పడింది.

ఆ రోజు ఆఖరి రికార్డింగు పరిశీలన. సూపర్‌వైజర్ సంతకం పెడితే పట్టా. పెట్టకపోతే ఏడాదంతా మళ్ళీ మొదటినుంచి. ల్యాబువాళ్ళు ఇచ్చిన సెలవు నెలాఖరుతో సరి.

“ఇంకో ఏడాదంటే నావల్ల కాదు,” అని భర్త పొద్దున్నే, ఇస్త్రీ చేస్తున్న చొక్కా మీంచి తల ఎత్తకుండా తేల్చేశాడు.

వరండా బెంచీ మీద ఒక సహవిద్యార్థి సంతకమైన కాగితాలతో విసురుకుంటున్నాడు. బ్యాంకులో రిటైరై వచ్చి చేరిన అతన్ని క్లాసంతా బాబాయ్ అంటుంది.

“లోపల ఆవిడ అగ్గి మీద గుగ్గిలంలా ఉంది తల్లీ. మౌనం దగ్గర ఆపి, ఎదుటి మనిషి మొహంలో ఏం చూశావని అడుగుతుంది. పెదవులు వణికాయని చెప్పు, వదిలేస్తుంది.”

“మీరు అదే చెప్పారా బాబాయ్?”

“చెప్పా. చక్కటి పరిశీలన అంది.”

“మీది ఫోన్లో చేసిన సెషన్ కదా.”

“ఆవిడకే గుర్తులేదు. నాకెందుకు గుర్తుండాలి?”

లోపల సూపర్‌వైజర్ కూర్చోమనలేదు. కాగితం మీద వేలు పెట్టింది.

“నీ దగ్గరికొచ్చిన దర్జీ, తమ్ముడు తనతో మాట్లాడి మూడేళ్ళయిందని చెప్పాడు. తర్వాత మౌనం, నలభై ఏడు సెకన్లు. అప్పుడు ఆయన మొహం ఎలా ఉంది?”

బాబాయ్ జవాబు నాలుక చివరనే ఉంది. కాని చూడని స్లైడుకు ఫలితం రాసిన సహోద్యోగిని ల్యాబులో ఒకసారి ఆమే పట్టించింది.

“చూడలేదు మేడమ్.”

“కునుకు తీశావా?”

“గడియారం చూస్తున్నాను. సెకన్లు రాయాలి కదా అని.”

“అవి టేపులో ఉంటాయి. ఇంటికెళ్ళి లెక్కపెట్టుకోవచ్చు. నీ ముందు కూర్చున్నది మనిషి, రక్తం సీసా కాదు. ఇన్నాళ్ళూ గోడకు చెప్పుంటే గోడైనా చెమ్మగిల్లేది.”

“సెకన్లు తప్పితే మీరు మార్కులు కోసేది గోడకు కాదు, నాకు మేడమ్.”

“పొగరుకేం తక్కువ లేదు.” సూపర్‌వైజర్ కలం మూత పెట్టేసింది. “శుక్రవారంలోపు అదే మనిషితో ఇంకో రికార్డింగు తే. లేదా వచ్చే ఏడాది కనపడు.”

బయటికొచ్చి ఆమె దర్జీకి ఫోన్ చేసింది.

“ఇక రానని చెప్పాగా,” అన్నాడతను. కుట్టుమిషన్ చప్పుడు ఆగలేదు.

“పోయినసారి తమ్ముడి గురించి చెప్పి ఆగారు. అప్పుడు నేను మిమ్మల్ని చూడలేదు. గడియారం చూశాను.”

“తెలుసు. పాపం బస్సుకు టైమైందేమో అనుకున్నా. అందుకే మిగతాది చెప్పలేదు.”

“ఇంకొక్కసారి రండి.”

“నా కోసమా, మీ పరీక్ష కోసమా?”

ఇలాంటి ప్రశ్న వస్తే ఏం చేయాలో పాఠంలో ఉంది: అడిగినవాడికే మెత్తగా తిప్పి అందించాలి. ఆమె తిప్పలేదు.

“మొదట పరీక్ష కోసమే. మీరు రాకపోతే నా ఏడాది పోతుంది.”

మిషన్ ఆగింది.

“నా కోసమే అనుంటే ఫోన్ పెట్టేసేవాణ్ణి,” అన్నాడు దర్జీ. “గురువారం పదింటికి వస్తా. మీ మీద గురి కుదిరి కాదు. మిగతాది ఎవరికో ఒకరికి చెప్పాలి.”