సొన అంటని వేళ్ళు

పదకొండో గంప అయిపోయింది. ఆరోగ్యం పన్నెండో గంపను కాలితో దగ్గరికి లాక్కుంది. పైనున్న బంగినపల్లి కాయను ఎడమ అరచేతిలోకి తీసుకుని, ముఖం పక్కకి తిప్పి, కత్తెరతో తొడిమ కత్తిరించింది. సర్రున సొన చిమ్మింది. మరుక్షణంలో కాయను వెదురు తడిక మీద బోర్లించి ఇంకో కాయ అందుకుంది. ముఖం తిప్పడం, కత్తిరించడం, బోర్లించడం. సొన కాయ మీదికి కారిందంటే తెల్లారేసరికి నల్లచారలు పడి ఆ కాయ ఢిల్లీ లారీకి పనికిరాదు. ఇరవై రెండు వేసవులుగా ఆమె మెడ ఇలాగే తిరుగుతోంది. ఆదివారం చర్చిలో పాట పాడుతున్నప్పుడు కూడా ఉన్నట్టుండి ఓ పక్కకి తిరిగిపోతుంది. ఈవిడ ఎవర్ని చూస్తోందా అని పాస్టరుగారు కూడా అటు చూస్తారు.

షెడ్డు నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు పక్కనే. రేకుల కప్పు, మూడు వైపులా గోడలు, నాలుగో వైపు లారీ వెనక్కి వచ్చి ఆగే అరుగు. మే నెల ఎండ పొద్దున్న తొమ్మిదికే రేకుల్ని కాల్చేస్తుంది. లోపల పన్నెండు మంది ఆడవాళ్ళు, కొండలా కాయలు, పండీ పండని కాయల తియ్యటి పులుపు వాసన. ఆరోగ్యం చేతిమీదుగా వెళ్ళిన కాయలు ఢిల్లీ చూశాయి, నాగపూరు చూశాయి, ఓడెక్కి సముద్రం కూడా దాటాయి. ఆవిడ మాత్రం ఒక్కసారి విజయవాడ పెద్దాసుపత్రి దాకా వెళ్ళింది, అంతే. మొగుడు జోజిబాబు కాయలు కోసే చిక్కంతో సహా కొమ్మ మీంచి జారిన ఏడు అది. వెళ్ళేటప్పుడు ఇద్దరూ వెళ్ళారు, వచ్చేటప్పుడు ఒక్కతే వచ్చింది. మర్నాటికల్లా మళ్ళీ ఇదే తడిక ముందు కూర్చుంది. కూర్చోక ఏం చేస్తుంది? ఇంట్లో పన్నెండేళ్ళ పిల్ల ఉంది.

ఆమె వేళ్ళ సంగతి చెప్పుకోకపోతే ఈ కథ చెప్పుకుని లాభం లేదు. సొన పడి పడి, కాలి కాలి, ఊడి ఊడి, ఆ వేళ్ళ కొసలు రుబ్బురోలు పొత్రంలా నున్నగా తయారయ్యాయి. గీత అన్నది లేదు. అయినా కాయను ఇలా పట్టుకుని చూసి, ఇది మూడు రోజులకి పండుతుంది, ఇది లోపల చెడింది అని చెప్పేస్తుంది. అందుకే గ్లౌజులు వేసుకోమని ఎవరైనా అంటే నవ్వుతుంది. గ్లౌజు వేసుకుంటే వేలికి కాయ సంగతి ఏం తెలుస్తుంది?

కాయ దగ్గర అంత తెలివైన వేలు రేషను షాపులో మిషను మీద పెడితే మాత్రం ఎర్రలైటు వెలుగుతుంది. "మళ్ళీ పెట్టమ్మా" అంటాడు డీలరు రాఘవయ్య. చీరకి తుడుచుకుని పెడుతుంది. ఎర్రలైటే. "ఈ మిషను ప్రకారం నువ్వు లోకంలోనే లేవు ఆరోగ్యం" అని ఆయన వేళాకోళం ఆడతాడు. వరసలో వెనకున్నవాళ్ళు నవ్వుతారు. ఆమె కూడా నవ్వుతుంది గానీ ఒళ్ళు చచ్చిపోతుంది. అందుకే ఆ ఇంటికి బియ్యం వచ్చేది కూతురు లేయా బొటనవేలితోనే.

ఆ లేయా ఇప్పుడు నూజివీడులో ఇంజనీరింగు రెండో ఏడు. కాలేజీ వాళ్ళు ఐదుగురు పిల్లల్ని ఏరి, జూన్ పదో తారీఖున లండన్‌లో ఒక కాలేజీకి పంపుతున్నారు. పదిహేను రోజుల చదువు, ఖర్చంతా వాళ్ళదే. ఐదుగురిలో లేయా ఒకతి. ఆ మాట చెప్పిన రోజు ఆరోగ్యం చాలాసేపు కూతురి మొహం చూసి ఒక్కటే అడిగింది.

"అక్కడ మామిడి తోటలుంటాయా?"

"ఉండవమ్మా."

"అయితే వెళ్ళు తల్లీ."

వెళ్ళడానికి వీసా కావాలి. వీసాకి హైదరాబాదు వెళ్ళి పది వేళ్ళూ మిషను మీద పెట్టాలి. పిల్లల్ని తీసుకెళ్ళే కాలేజీ శ్యామ్ సుందర్ సారు ఫోనులో విడమరిచి చెప్పాడు. వేళ్ళ మీద కోతలూ, పొక్కులూ, ఆఖరికి గోరింటాకు కూడా ఉండకూడదు. ముద్ర పడకపోతే చర్మం మానాక రమ్మంటారు. ఈ తేదీ తప్పితే పదో తారీఖులోపు ఇంకో తేదీ లేదు.

మిషను అన్న మాట వినగానే ఆరోగ్యానికి రేషను షాపు ఎర్రలైటు గుర్తొచ్చింది. పదో తరగతి నుంచీ ప్రతి వేసవి లేయా కూడా షెడ్డుకొచ్చి పనిచేసేది. మొదటి ఏడు ఆ పిల్ల వేళ్ళు ఉడకబెట్టిన బంగాళాదుంపలా తోలూడాయి. సొన గుణమే అంత. అంటినప్పుడు ఏమీ కనబడదు, నీళ్ళతో కడిగితే పోయిందనే అనుకుంటాం. తెల్లారేసరికి తోలు నల్లబడి పొక్కుతుంది. కాయగాచిన చేతుల్ని అంతగా ఏం చెయ్యదు, మెత్తని చేతుల మీదే దాని ప్రతాపమంతా.

అందుకని సెలవులకి కూతురు ఇంటికి రాగానే ఆరోగ్యం శాసనం చేసేసింది. షెడ్డు వైపు రాకూడదు. మామిడికాయ ముట్టుకోకూడదు. గిన్నెలు తోమకూడదు, బట్టలు ఉతక్కూడదు. పొద్దున్నే నాలుగింటికి లేచి అన్నీ తనే చేసి షెడ్డుకి వచ్చేది. రాత్రి కూతురి చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో వేలికీ కొబ్బరినూనె రాసేది. విస్సన్నపేట వెళ్ళి, స్కూటీ నడిపే ఆడవాళ్ళు ఎండకి వేసుకునే తెల్ల గ్లౌజులు కొనుక్కొచ్చి, గడప దాటితే అవి తొడుక్కోమంది.

"నీ కూతురు చేతులకి గాజుబీరువా ఒకటి చేయించు వదినా, అందులో పెట్టుకుందువుగాని" అని పక్కన కూర్చునే సుసన్నా ఎగతాళి చేసింది.

"నెల్రోజులే కదే" అంది ఆరోగ్యం.

ఆ నెల ఇవాళ్టితో సరి. సాయంత్రం ఐదింటికి బస్సు. సారూ, మిగతా నలుగురు పిల్లలూ నూజివీడులో ఎక్కి వస్తారు, లేయా షెడ్డు దగ్గర స్టాపులో ఎక్కాలి. రేపు పదింటికి వేళ్ళు పెట్టడం. పొద్దుట్నుంచీ ఆరోగ్యం కాలు కాలిన పిల్లిలా ఉంది. కూర్చున్నచోటే కూర్చుంది కానీ మనసు కుదురుగా లేదు.

పదకొండింటికి షెడ్డు యజమాని బసవపున్నారావు వచ్చి తడికల ముందు నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. కానీ సీజన్లో కాయ ఆగదు, కాయ ఆగనప్పుడు ఆయన నోరూ ఆగదు.

"మెర్సీ రాలేదేం?"

"వాళ్ళ ఆడపడుచు ఇంట్లో పెళ్ళండి. ఎల్లుండి గానీ రాదండి" అంది ఆరోగ్యం.

"లారీ ఆరింటికి కదలాలి. ఇంత కాయ ఎవరు చేస్తారు? మీ అమ్మాయి ఇంట్లో ఖాళీగానే ఉంది గదా, పిలువు. మూడు గంటలు కూర్చుంటే అయిపోద్ది."

ఆరోగ్యం చేతిలో కత్తెర ఆగింది. "దాన్ని పిలవనండి."

"ఏంటీ?"

"రేపు దానికి వేలిముద్రలండి. సొన అంటకూడదండి."

"సొన కాయ ఎవరు ముట్టుకోమన్నారు? కాగితాలు చుడతది."

"ఈ షెడ్డులో సొన అంటనిదేముందండి?"

ఇరవై రెండేళ్ళలో ఆరోగ్యం ఆయనకి ఎదురు చెప్పడం ఇదే మొదలు. ఆవిడకే ఆశ్చర్యంగా ఉంది. బసవపున్నారావు మొహం ఎర్రబడింది.

"ఇవాళ లారీ ఆగిందంటే రేపట్నుంచి నీ మొహం నాకు చూపించకు."

"మెర్సీ గంపలు కూడా నేనే చేస్తానండి. లారీ ఆగదండి."

అలా ఇద్దరి పని నెత్తినేసుకుంది. మధ్యాహ్నం అన్నం క్యారియరు మూత కూడా తియ్యలేదు. ముప్ఫై గంపలు, ముప్ఫై రెండు, ముప్ఫై అయిదు. గోడ గడియారం వైపు ఒక చూపు, కాయ వైపు ఒక చూపు. "వదినా, బస్సు వెళ్ళిపోదులే. నెమ్మదిగా చెయ్యి" అంది సుసన్నా. ఆరోగ్యం వినిపించుకోలేదు. పిల్ల బస్సెక్కుతుంటే పక్కన నిలబడాలి, అంతే ఆమె కోరిక. జోజిబాబు ఉండుంటే ఆయన నిలబడేవాడు.

మూడున్నరకి, ఎంతైందా అని గడియారం వైపు చూస్తూనే తొడిమ కత్తిరించింది. ఇరవై రెండేళ్ళుగా తిరిగిన మెడ ఆ ఒక్కసారి తిరగలేదు. సొన తిన్నగా వచ్చి కుడికంట్లో కొట్టింది.

"అమ్మో, ప్రభువా!"

కత్తెర ఎక్కడో పడింది. కంట్లో నిప్పుకణిక వేసినట్టుంది. రెండో కన్ను కూడా మూసుకుపోయింది. ఎవరో రెక్క పట్టుకుని షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ము దగ్గరికి నడిపించారు. సుసన్నా ఫోనులో కేకలు వేస్తోంది: "లేయా, మీ అమ్మ కంట్లో సొన పడిందే, పరిగెత్తుకురా!"

"దానికెందుకు చెప్పావే, దాన్ని రావద్దను" అని ఆరోగ్యం అరిచింది. ఎవరు వింటారు? ఇల్లు షెడ్డుకి రెండు సందుల అవతలే. ఐదు నిమిషాల్లో చెప్పుల చప్పుడు వినిపించింది.

"అమ్మా! చెయ్యి తియ్యమ్మా. కళ్ళు నలపకు."

"నువ్వు దగ్గరికి రాకే. సుసన్నా కడుగుతుందిలే."

"అత్త చేతులు నిండా సొనే కదమ్మా! ఆగు."

ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత చెంబుతో నీళ్ళు వచ్చి కంటి మీద పడ్డాయి. మళ్ళీ, మళ్ళీ. రెండు వేళ్ళు ఆమె రెప్పను విడదీశాయి, రెప్ప అంచున అంటుకున్న జిగురుని తుడిచాయి, చెంప మీద కారినదాన్ని తీశాయి. ఎంత మెత్తని వేళ్ళవి! ఆ మంటలో కూడా ఆరోగ్యానికి తెలిసింది. పుట్టినప్పుడు కూడా ఈ పిల్ల వేళ్ళు ఇంత మెత్తగా లేవనిపించింది. నెలరోజుల కొబ్బరినూనె ఊరికే పోలేదు. రేపు ఆ మిషను కళ్ళకద్దుకుని తీసుకుంటుంది. ఆమెకి గర్వంతో ఏడుపొచ్చింది, ఆ కన్నీళ్ళతో కంట్లో సొన మరికాస్త కారిపోయింది.

బసవపున్నారావు వచ్చి ఆసుపత్రికి వెళ్ళమన్నాడు. నిజంగానే కంగారుపడ్డాడు. "బస్సు వెళ్ళాక చూద్దాంలెండి" అంది ఆరోగ్యం. కుడికంటికి తడిగుడ్డ కట్టారు. లేయా బ్యాగు తెచ్చుకోవడానికి ఇంటికి పరిగెత్తింది.

ఐదింటికి తల్లీ కూతుళ్ళు స్టాపులో నిలబడ్డారు. రోడ్డుకి అటూ ఇటూ తోటలు, దుమ్ము పట్టిన ఆకులు. ఆరోగ్యం ఎడమకన్ను కూడా మసకగానే ఉంది. లేయా చేతులు రెండూ చున్నీలో చుట్టుకుని నిలబడింది.

"గ్లౌజులేవే?"

"బ్యాగులో పెట్టానమ్మా. ఉక్కగా ఉంది."

"రేపు పొద్దున దాకా వేసుకునే ఉండు. బస్సులో కడ్డీలు పట్టుకోకు. విన్నావా?"

"ఊఁ."

"ఏడుస్తావేంటే? కంట్లో సొన పడితే చచ్చిపోతారా ఎవరన్నా? నాకివన్నీ మామూలే."

బస్సు వచ్చి ఆగింది. శ్యామ్ సుందర్ సారు మెట్టు మీదికి వచ్చి, "కంటికేమైందండీ?" అని అడిగాడు. "ఏం లేదండి, దుమ్ము పడిందండి" అంది ఆరోగ్యం. లేయా తల్లి భుజం మీద మొహం పెట్టి తీసి, ఎక్కింది. కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కదిలినప్పుడు మిగతా పిల్లలు చేతులూపారు. లేయా తల మాత్రం ఊపింది, చెయ్యి బయట పెట్టలేదు. చెప్పిన మాట వింటోంది పిల్ల అనుకుని ఆరోగ్యం సంతోషించింది. బస్సు విస్సన్నపేట వైపు మలుపు తిరిగేదాకా నిలబడి, "స్తోత్రం ప్రభువా" అనుకుని వెనక్కి తిరిగింది.

ఇంకా ఆరు గంపలున్నాయి.

షెడ్డులో సుసన్నా తలెత్తలేదు. "ఎక్కిందే పిల్ల" అని ఆరోగ్యం చెప్పినా ఊఁ అని ఊరుకుంది. ఎప్పుడూ వసపిట్టలా వాగే మనిషి! అలిసిపోయిందేమో అనుకుంది ఆరోగ్యం. కన్ను మళ్ళీ భగభగమంటోంది. గుడ్డ తడుపుకుందామని వెనక డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది.

చెంబు అందుకోబోయి ఆగిపోయింది.

ఎంత మెత్తని వేళ్ళవి అనుకుంది కదూ ఇందాక. గ్లౌజు గుడ్డ ఒక్కసారి కూడా తగల్లేదు. వేళ్ళే తగిలాయి. ఉత్త వేళ్ళు. ఒక్క క్షణం చప్పుడు లేకుండా పోయింది ఎందుకో ఇప్పుడు తెలిసింది. సుసన్నా ఎందుకు తలెత్తలేదో తెలిసింది. చున్నీ ఎందుకో, కిటికీలోంచి చెయ్యి ఎందుకు రాలేదో తెలిసింది. ఈపాటికి పిల్ల వేళ్ళకి చురచుర మొదలై ఉంటుంది. రేపు పదింటికి ఎర్రలైటు. ఆమె నడుము దగ్గర దోపుకున్న ఫోను తీసి పట్టుకుంది. ఏం చెప్పాలి? తిరిగొచ్చెయ్యమనా? పిల్లకి తెలియదనా? తెలిసే విప్పింది. కావాలని తల్లికి చెప్పకుండా బస్సెక్కింది.

"ఆరోగ్యం! లారీవాడు తొందరపెడుతున్నాడమ్మా" అని బసవపున్నారావు లోపల్నుంచి కేకేశాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"వస్తున్నానండీ" అంది. ఫోను మళ్ళీ దోపుకుంది. లోపలికి వెళ్ళి, తడిక ముందు కూర్చుని, కాయ తీసుకుని, ముఖం పక్కకి తిప్పింది.

వెనక, నీళ్ళ డ్రమ్ము పక్క రాతి మీద, తడవకుండా ఒకదాని మీద ఒకటి మడిచిపెట్టిన తెల్ల గ్లౌజులు, ఒక్క సొన చుక్కయినా అంటకుండా అలాగే ఉన్నాయి.