కిటికీ కింది తొట్టె

పైపు మూతికి బొటనవేలు అడ్డం పెట్టి, బస్సు నెత్తి మీద నుంచి కిందికి నీళ్లు కొడుతున్నాడతను. ముందు అద్దం, తర్వాత పక్కలు, ఆఖరున చక్రాలు. ఊళ్లన్నీ తిరిగొచ్చిన దుమ్ము ఎర్రటి చారలుగా కారి కాలువలో కలుస్తోంది. ఏళ్ల తరబడి నీళ్లలో నాని అతని వేళ్ల కొసలు తెల్లగా, ముడతలు పడి ఉంటాయి. డిపోలో అతన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. అందరికీ అతను దుంపలాయన.

ఆ పేరు ఊరికే రాలేదు. షెడ్డు మూలన పడున్న పాత టైరులో మట్టి నింపి ఫుట్‌బాల్ లిల్లీ దుంప ఒకటి పాతిపెట్టాడు. ఉల్లిగడ్డకు పెద్దన్నలా ఉండే ఆ దుంప చలికాలంలో ఆకులు రాల్చి నిద్రపోతుంది. అప్పుడు దానికి చుక్క నీరు తగలకూడదు. ఎండలు ముదిరి మనుషులు సొమ్మసిల్లే వేళకు తానే నిద్రలేచి, మట్టి చీల్చుకుని, ఎర్రటి బంతిలాంటి పువ్వు పూస్తుంది. నీళ్లతోనే బతికే మనిషి ఆ టైరు మీద తుంపర పడకుండా రేకు ముక్క అడ్డం పెట్టి కాపలా కాస్తుంటే, చూసినవాళ్లకు నవ్వు రాక ఏమవుతుంది?

"నీ దుంప తెగ, అద్దం మీద మరక అలాగే ఉందయ్యా" అన్నాడు డ్రైవరు.

"ఏమైనా తిట్టు గానీ, ఆ మాట మాత్రం అనకు బాబూ" అంటూ అతను అలవాటుగా టైరు వైపు చూశాడు. రేకు పక్కన మట్టి బీటలిచ్చి, చిలక ముక్కంత ఎర్రటి మొగ్గ తొంగిచూస్తోంది. చేతిలో పైపు పట్టు తప్పి డ్రైవరు చొక్కా తడిసి ముద్దయింది. డ్రైవరు తిట్టిన తిట్లేవీ అతని చెవికెక్కలేదు.

ఆ పూటంతా కాలు నేల మీద నిలవలేదు. ఇంటి కిటికీ కింద, బయటి తొట్టెలో ఉన్నవి ఈ దుంపకు తోబుట్టువులే. ఇది లేస్తే అవీ లేవాలి. మంచాన పడ్డ అతని భార్య, ఈ వేసవి పువ్వు చూశాక గానీ కదలనని మాటిచ్చింది. పువ్వు గట్టు దాకా లేస్తే పడుకునే చూడొచ్చని మంచాన్ని కిటికీ పక్కకు అతనే జరిపాడు. ఇక చేయగలిగిందేమీ లేదని ఇంటికి పంపేసిన డాక్టరు, గొంతులో నీళ్లు దిగుతున్నంతకాలం భయం లేదనీ, దిగకపోతే మాత్రం వెంటనే తీసుకురమ్మనీ చెప్పాడు. అతను ఆ మాట పట్టుకునే రోజులు ఈదుతున్నాడు. పొద్దున్నే కిటికీ గట్టు మీద నిండు గ్లాసు పెట్టి పనికి వెళ్లేవాడు. సాయంత్రం వచ్చీ రాగానే, గ్లాసు ఖాళీ చేశావా అని అడిగేవాడు. చేశానుగా అనేది ఆమె. ఆ ఒక్క మాటతో అతని ఒళ్లు నొప్పులు దిగిపోయేవి.

ఆ సాయంత్రం ఇంట్లోకి పోకుండా నేరుగా తొట్టె దగ్గరికే వెళ్లాడు. మొలక లేదు. వేలు గుచ్చి చూశాడు. మట్టి తడిగా ఉంది. ఎన్నాళ్లుగానో వాన జాడే లేదు. గోడవతల బట్టలు తీస్తున్న పక్కింటి అక్కను, నువ్వేమైనా నీళ్లు పోశావా అని అడిగాడు. నీ తొట్టె జోలికొస్తే నా చెయ్యి విరిచేయవూ అని ఆమె నవ్వింది.

రెండు చేతులా తవ్వాడు. దుంప మిగలపండిన పండులా చితికి, కుళ్లు వాసన కొట్టింది. రెండోదీ అంతే. తలెత్తి గోడ చూశాడు. నీళ్ల చారలు చదవడమే కదా అతని పని. కిటికీ గట్టు నుంచి తొట్టె దాకా సున్నం మీద చారలు దిగి ఉన్నాయి. పాత చార మీద కొత్త చార. ఏ రోజుది ఆ రోజే.

లోపలికి వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాడు. గట్టు మీద గ్లాసు ఖాళీగానే ఉంది. అతని చూపు దాని మీద నుంచి కదలకపోవడం ఆమె కనిపెట్టింది.

"గుక్కెడుకు మించి గొంతు దిగడం లేదయ్యా. చాన్నాళ్లైంది" అంది. "చెబితే మళ్లీ ఆసుపత్రికి మోసుకెళ్తావు. నిండు గ్లాసు చూస్తే నీ మొహం ఎలా ఉంటుందో నాకు తెలీదూ? పారబోయడమెందుకని మొక్కకు పోశా. దానికైనా పనికొచ్చాయా?"

అతను మట్టి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"మొలిచింది" అన్నాడు. "ఎర్రగా, చిలక ముక్కులా ఉంది. పక్కన మట్టి ఎలా పగిలిందనుకున్నావు! ఇంకో వారంలో విచ్చుకుంటుంది."

"అయితే నా నీళ్లే."

"నీ నీళ్లే."

ఆమె మొహంలో పెళ్లైన కొత్తలో చూసిన గర్వం ఒక్క క్షణం మెరిసింది. ఆసుపత్రికి పోదామా అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. అతను గోళ్ల సందుల్లో మట్టి పోయేదాకా చేతులు కడుక్కుని, గ్లాసు నింపి, అలవాటు కొద్దీ గట్టు మీదే పెట్టాడు. గుడ్డ కొస ముంచి పెదవులు తడిపాడు. మొదట ఆ పెదవులు తడిని వెతుక్కున్నాయి. తర్వాత ఊరుకున్నాయి. వీధి దీపం వెలిగేసరికి, గుడ్డ నుంచి జారిన చుక్క ఆమె చెంప మీదుగా దిండులో ఇంకిపోయింది. అయినా అతను కాసేపు తడుపుతూనే ఉన్నాడు.

పక్కింటి అక్క వచ్చి అతని చేతిలోంచి గుడ్డ తీసుకుంది. కిటికీ గట్టు మీద గ్లాసు ఇంచుమించు నిండుగానే ఉంది. వీధిలో బస్సు పోయినప్పుడల్లా అందులో నీళ్లు సన్నగా వణికి, మళ్లీ సర్దుకుంటున్నాయి.