సువర్ణద్వీపం వీధిలో దొంగ

కోడలు జాడీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పుల్లటి వాసన లేదు. ఉడికిన గంజి వాసన.

"చంపేశావు," అంది మొగుడితో.

"నేనేం చేశాను? కాస్త వెచ్చగా ఉంచమన్నావు. ఓవెన్ మీద పెట్టాను."

"పక్కన పెట్టమన్నాను మహానుభావా! నెత్తిన కాదు!"

జాడీలో తోడు పిండి అట్టలా గట్టిపడిపోయింది. పెరుగుకి తోడు ఎలాగో, వాళ్ల బేకరీ బ్రెడ్డుకి ఆ పులిసిన పిండి అలాగ. రోజూ కాస్త తీసి కొత్తపిండిలో కలపాలి. మిగిలినదానికి మళ్లీ పిండీ నీళ్లూ ఇచ్చి బతికించుకోవాలి. అత్తగారు పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన తోడు అది. ఆవిడ పోయి ఏడాదైంది. ఆవిడ చేతిరుచి మిగిలింది ఆ జాడీలోనే. ఈస్టు పొట్లం ఎక్కడైనా దొరుకుతుంది. దానితో చేసే బ్రెడ్డూ ఎక్కడైనా దొరుకుతుంది. దానికోసం ఈ బేకరీకి ఎవరొస్తారు?

ఉప్పుకీ చక్కెరకీ తేడా తెలియకుండా ఈ ఇంటికొచ్చిన కోడలిని పక్కన నిలబెట్టుకుని, చేతిమీద చెయ్యేసి పిండి కలపడం నేర్పింది ఆవిడే. ఒక్కరోజూ విసుక్కోలేదు.

ఏడవడానికి తర్వాత టైముంటుంది. కోడలు వీధిలోకి పరుగెత్తింది. ఒక్క ఆశ మిగిలింది మరి.

సువర్ణద్వీపం అంటే ఏడు సముద్రాల అవతల, ఆకలన్నమాటే తెలియని బంగారు దేశమని కథ. చూసొచ్చినవాడు ఒక్కడూ లేడు. అత్తగారు బేకరీకి ఆ పేరు పెట్టింది. బేకరీకి జనం క్యూ కట్టేసరికి పక్కవాళ్లూ అదే పేరు అడిగారు. సువర్ణద్వీపం లాండ్రీ, సువర్ణద్వీపం వాచీ రిపేరు, సువర్ణద్వీపం సెలూన్. చివరికి బస్టాపు కూడా. ఆవిడ ఎవరినీ కాదనలేదు. ఒకటే షరతు: బేకరీకి సెలవులొస్తే పేరు వాడుకున్నవాళ్లు వంతులవారీగా ఆ జాడీని సాకాలి. తిరిగిచ్చేటప్పుడు చెంచాడు కూడా దాచుకోకూడదు. "పేరు ఎంతమందికైనా ఇస్తా. తోడు మాత్రం ఇవ్వను," అనేది.

అంటే ఇప్పుడు తోడు దొరకాలంటే ఎవరో ఒకరు మాట తప్పి ఉండాలి. కోడలికి అర్జెంటుగా ఒక దొంగ కావాలి.

"అమ్మో, ఆవిడ మాట దాటడమే!" లాండ్రీ అక్క చెంపలేసుకుంది. "ఆవిడొక చూపు చూస్తే నా ఇస్త్రీపెట్టె చల్లారిపోయేది."

వాచీల తాత కంటికున్న భూతద్దం తీయకుండానే, "దాచుదామనే అనుకున్నానమ్మా. గడియారాల్లో పడి పులిస్తే టైము పొంగుతుందని మానేశాను," అన్నాడు.

"పరాచికాలకి వేళాపాళా లేదా తాతా!"

ఇక మిగిలింది సెలూన్ బాబాయ్.

"నా దగ్గరేముంటాయే, కత్తెర్లూ కబుర్లూ తప్ప," అన్నాడు, ఆమె అడక్కముందే.

అడక్కముందే! కోడలు ఆగిపోయింది. అద్దం ముందు, పౌడరు డబ్బా పక్కన తెల్లటి పొడి ఒలికి ఉంది. వేలు తడిచేసి రుద్దింది. పౌడరైతే జారిపోవాలి. ఇది జిగటగా సాగింది.

"బాబాయ్, గడ్డాలకి గోధుమపిండి పూయడం ఎప్పట్నుంచి?"

కోడలు తువ్వాళ్ల బీరువా తలుపు లాగింది. దొంతర వెనకాల చిన్న గాజుసీసా. మూతికి గుడ్డ కట్టి ఉంది. విప్పగానే పుల్లటి వాసన గుప్పుమంది. పిండి నిండా బుడగలు.

బతికే ఉంది.

కోడలు సీసాని గుండెకి హత్తుకుని నేలమీదే కూలబడింది. "నువ్వు దొంగవైనందుకు నీకు వెయ్యి దణ్ణాలు బాబాయ్!"

"నాకెందుకే దణ్ణాలు? చోటివ్వడం వరకే నేను. దొంగ వేరే. పేరు చెప్పనని ఒట్టేశాను." బాబాయ్ కుర్చీకేసి చూశాడు. "కాస్త బుర్ర పెట్టు. తలమీద ఒక్క వెంట్రుకైనా లేని మనిషి రోజూ పొద్దున్నే వచ్చి నా కుర్చీలో ఎందుకు కూర్చుంటాడు?"

గుమ్మంలో చెప్పుల చప్పుడు. ఆ బట్టతల మనిషి చేతిలో పిండి పొట్లంతో లోపలికొచ్చి, కోడలి ఒళ్లో సీసా చూసి రాయిలా నిలబడిపోయాడు.

"అదీ... మీ అత్త పోయిన రోజున," అన్నాడు మెల్లగా. "జాడీలో ఉన్నది ఆవిడ ఆఖరిసారి కలిపిన పిండి. మీరంతా ఏడుపుల్లో ఉన్నారు. ఒక్క చెంచాడు తీశాను. బతికినన్నాళ్లూ ఆవిడ మాట జవదాటలేదమ్మా. ఇదొక్కటే. ఇంట్లో పెట్టుకోడానికి మొహం చెల్లలేదు."

కోడలు లేచి, పిండంటిన ఆ రెండు చేతులూ పట్టుకుంది. ఏడాదిపాటు ఎవరికీ చెప్పకుండా అత్తగారిని బతికించిన చేతులు.

అప్పటికే లాండ్రీ అక్క, వాచీల తాత, వాళ్ల వెనక తప్పు చేసిన మొహంతో మొగుడు గుమ్మం దగ్గర మూగారు.

"దొరికాడా? ఎవడే దొంగ?" అరిచింది అక్క.

కోడలు కళ్లు తుడుచుకుంది. నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో, వీధి వీధంతా వినబడేలా చెప్పింది.

"మా మామయ్య!"