పాట కానిది

నర్సింగం ఫ్యాను బేరింగ్‌కు చేతి వెనుకభాగం ఆనించి చూశాడు. వేడి ఎప్పటిలాగే ఉంది. గేజి చూసి పుస్తకంలో అంకె రాసి మళ్ళీ బల్ల మీద కూర్చున్నాడు. గని లోపలి చెడుగాలిని పీల్చి బయటికి పంపే పెద్ద ఫ్యాను గోడకవతల తిరుగుతోంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా దాన్ని కనిపెట్టుకుని ఉండటమే అతని ఉద్యోగం. నెల కిందటి సమ్మెలో బొగ్గు ఆగింది గానీ ఫ్యాను ఆగలేదు. ఆగకూడదు కనుక అతను రోజూ వచ్చాడు. అందుకు ఎవరూ మెచ్చుకోలేదు, ఎవరూ తిట్టలేదు.

పదకొండింటికి ఫ్యాను హోరు కాస్త పలచబడింది. గేజి ముల్లు కదలకముందే నర్సింగం ఫోనెత్తాడు.

"కింద గనిల ఏదో గాలితలుపు తెరిచిపెట్టిన్రు. జెర చూడుండ్రి."

పది నిమిషాలకు హోరు మళ్ళీ చిక్కబడింది. తలుపు మూశామని ఎవరూ ఫోను చేయలేదు.

మూడింటికి షిఫ్టు దిగి, గోదావరిఖని బజారులో మహబూబ్ మైక్‌సెట్ దుకాణానికి వెళ్ళాడు. నిన్న తెగిన గిటారు వైరుకు మహబూబ్ టంకం పెట్టి ఉంచాడు. పెళ్ళిళ్ళకు తిరిగే ఆర్కెస్ట్రా ఒకటి ఆరేళ్ళ కిందట విడిపోయినప్పుడు ఒక గిటారు, కాలితో తొక్కే ఒక పెట్టె ఈ దుకాణంలోనే మూలన పడ్డాయి. పెట్టె దేనికో మహబూబ్‌కు తెలియదు. నర్సింగమే రెండింటినీ ఇంటికి తెచ్చుకుని, మూడు ఆదివారాలు కూర్చుని కనిపెట్టాడు. ఒకసారి తొక్కి నాలుగు స్వరాలు మీటి, మళ్ళీ తొక్కితే అవే స్వరాలు తిరిగి తిరిగి వస్తాయి. వాటి మీద ఇంకో వరస పెట్టవచ్చు, దాని మీద ఇంకొకటి. బతుకమ్మ చుట్టూ ఒక్కో చుట్టుకు ఒక్కో మనిషి వచ్చి కలిసినట్టు. కానీ ఆ పెట్టె దేన్నీ దాచుకోదు. ఆపితే అంతా పోతుంది.

"నర్సన్నా, ఒక్క పాటన్న నేర్చుకోరాదే. పండుగకు నా మైక్‌ల వాయిద్దువు," అన్నాడు మహబూబ్.

"పాటయితే అయిపోతది గదా," అన్నాడు నర్సింగం, సిగ్గుపడుతూ. వైరు చుట్టి సంచిలో వేసుకున్నాడు.

గోదావరి అవతల జైపూర్‌లో ఉంటున్న కూతురు యమున కూడా ఫోనులో అడుగుతుంది, ఏం వాయిస్తున్నవ్ బాపూ అని. "వచ్చినప్పుడు ఇను బిడ్డా," అంటాడు. వచ్చినప్పుడు ఆమెకు తీరిక ఉండదు.

సాయంత్రం క్వార్టరు ముందుగదిలో గోడకు ఆనుకుని నేల మీద కూర్చున్నాడు. కిటికీలోంచి పడుతున్న ఎండలో బొగ్గుధూళి మెల్లగా తేలుతోంది. లావు తీగను ఒక్కసారి మీటి, అది పూర్తిగా సన్నగిల్లేదాకా ఆగి, బొటనవేలితో పెట్టెను తొక్కాడు. ఆ స్వరం దూరం పోయి తిరిగొచ్చింది. దాని మీద రెండు స్వరాలు చల్లాడు. గది గోడలు వెనక్కి జరిగినట్టు, తాను నది మీది పొగమంచులో కూర్చున్నట్టు అనిపించింది. ఎడమ భుజంలో పొద్దుటి నుంచీ ఉన్న నొప్పి కూడా దూరంగా, ఇంకెవరిదో అన్నట్టుంది.

వంటింట్లో భార్య సారలమ్మ జొన్నరొట్టె కాలుస్తోంది. "రొట్టె వేడిగున్నది, రా," అని పిలిచింది. పిలిస్తే అతను నోటితో పలకడు. సన్నతీగను ఒకసారి టింగుమనిపిస్తాడు. వస్తున్నానని దానర్థం.

టింగుమనలేదు. వాయింపు మాత్రం సాగుతూనే ఉంది. సారలమ్మ రొట్టె తిప్పింది. అదే వరస మళ్ళీ వచ్చింది. ఇంకోసారి వచ్చింది. కొత్తగా ఏమీ కలవలేదు. ఆమె పెనం దించి ముందుగదిలోకి వెళ్ళింది.

నర్సింగం గిటారు మీదికి తల వాల్చి ఉన్నాడు. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. ఊపిరి లేదు.

ఇరుగుపొరుగు వచ్చారు. మహబూబ్ పరుగున వచ్చి, ఏడ్చి, కళ్ళు తుడుచుకుని పెట్టె వైపు వంగాడు.

"బంద్ చెయ్యాల్నా వదినె?"

"చేస్తే మల్ల వస్తదా?"

"రాదు. దీంట్ల ఏదీ నిల్వ ఉండదు."

"అయితే బిడ్డ వచ్చేదాక ఉండనియ్యి."

గంట తర్వాత యమున వచ్చింది. ఏడుస్తూ వచ్చి, గడపలోనే ఆ వాయింపు విని నిలబడిపోయింది. తండ్రి పక్కన కూర్చుని అతని చెయ్యి ఒళ్ళో పెట్టుకుంది. గదినిండా మనుషులున్నారు. ఎన్ని చుట్లు తిరిగిందో ఎవరూ లెక్కపెట్టలేదు.

"ఇన్న బాపూ," అంది చివరికి. తనే వంగి చేత్తో పెట్టెను ఆపింది.

అప్పుడు సారలమ్మ పెద్దగా ఏడ్చింది.

కిటికీ గట్టు మీద అతను రెండుగా విప్పి పెట్టుకున్న సీతాఫలం ఉంది. ఒక చెక్క ఖాళీ, పక్కన నల్లటి గింజలు. రెండో చెక్క ముట్టుకోకుండా, తెల్లగా, నిండుగా ఉంది.