నాలుగడుగులు

"కాసిని మంచినీళ్ళు తెచ్చిపెడుదూ, నాలుగడుగులేగా," అన్నారు మా ఆయన సోఫాలోంచి. డైనింగ్ టేబుల్‌కి ఒక మూల లాప్‌టాప్, ఇంకో మూల సగం ఒలిచిన బఠాణీలు పెట్టుకుని నేను థీసిస్ ఆఖరి అధ్యాయంతో కుస్తీ పడుతున్నాను. వంటింటికి నాకంటే ఆయనే దగ్గర. అయినా లేచి వెళ్ళి తెచ్చిచ్చాను.

నా లెక్క గురించి చెబితే ఇంట్లో నవ్వుతారు. బుడగలాంటి ఒక ఉపరితలం తనంతట తాను కుంచించుకుపోతుంటుంది. ఎక్కడ వంపు ఎక్కువో అక్కడ వేగం ఎక్కువ. మామూలు చోట, అన్ని వైపులా ఉబ్బెత్తుగా ఉన్నదైతే, పోతూ పోతూ చక్కగా గుండ్రంగా తయారవుతుంది. నేను ఎంచుకున్న చోట మాత్రం ఇక్కణ్ణించి అక్కడికి ఎంత దూరమో, అక్కణ్ణించి ఇక్కడికి అంత కాదు. "అదేం చోటే తల్లీ, ఎక్కడా చూళ్ళేదు!" అని మా అత్తగారు బుగ్గలు నొక్కుకున్నారు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఉంటున్నది అక్కడేనని చెప్పబోయి ఊరుకున్నాను.

మూడేళ్ళుగా ఆ ఉపరితలం ఒక పక్కకే ఒరిగిపోతూ నాకు చిక్కడం లేదు. మొన్న గైడ్ గారు జాలిపడ్డారు. "రానూపోనూ దూరం సమానం అనుకుందాం అని ఒక్క వాక్యం పెట్టెయ్యమ్మా, మూడు పేజీల్లో తేలిపోతుంది. సంసారం ఉన్నదానివి, ఎందుకీ తలనొప్పి?" మా ఆయన కూడా, "పెట్టేసెయ్, సోమవారం ఇచ్చేస్తే పీడ వదులుతుంది," అన్నారు. పెట్టాను. నిజంగానే మూడు పేజీల్లో తేలిపోయింది. చదువుకుంటే ఏడుపొచ్చింది. నేను అడిగిన ప్రశ్నే అందులో లేదు.

నీళ్ళిచ్చి వచ్చి కూర్చుని ఆ వాక్యం తుడిచేశాను. దాంతోపాటు మూడు పేజీలూ పోయాయి. గైడ్ గారికి రాశాను: "సోమవారం ఇవ్వలేను సర్. ఇంకో ఏడాది గడువు ఇప్పించండి. ఆ దూరాలు సమానం కావు." పంపేశాను. ఇన్నాళ్ళూ ఎందుకు సర్దుకుపోయానా అని నా మీద నాకే కోపం వచ్చింది.

"కాస్త టీ పెట్టవోయ్," అన్నారు మా ఆయన.

"నాలుగడుగులేగా, మీరే పెట్టుకోండి," అన్నాను తలెత్తకుండా.

సోఫా కిర్రుమంది. వంటింట్లో అలమర తలుపులు ఒక్కొక్కటే తెరుచుకుని మూసుకుంటున్నాయి. పదకొండేళ్ళుగా మేమంతా ఉంటున్న ఇల్లే అది.

"పంచదార ఎక్కడుంటుంది?" అని కేకేశారు.

నేను నోరు తెరిచేలోగా లోపలి గదిలోంచి అత్తగారి గొంతు వినిపించింది.

"కుడిచేతివైపు పై అరలోరా. నాకూ ఓ కప్పు పెట్టు."