రెండో మేకు

"ఆ మేకు నిన్నేటి సేసిందే? క్యాలెండరు మోసుకుంటూ దాని మానాన అది పడుంది. దాని మీద పడ్డావేటి?"

మా ఆయన ఉమామహేశ్ టీ గ్లాసుతో గోడ ముందు నిలబడి ఉన్నారు. క్యాలెండరు నేను అప్పటికే తీసి మంచం మీద పెట్టాను. మేకు పీకమని చేతికిచ్చిన పట్టకారును ఆయన తీసుకెళ్లి టీవీ పక్కన పెట్టేశారు.

"ఫోటోలో నా తల వెనకాల కనిపిస్తుందండీ, కొమ్ము మొలిచినట్టు."

"మొలవనీ. పిల్లలు బయపడి అచ్చరాలు బేగి నేర్సుకుంతారు."

మా అమ్మాయి పుష్పరాణి పకపకా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

"మీరు పీకుతారా, నన్ను పీకమంటారా?"

"పీకితే పెచ్చు ఊడద్ది. ఇది పోర్టు వాళ్ల క్వార్టరు. మీ నాన్న కట్టించిన మేడ గాదు."

"మధ్యలో మా నాన్నెందుకు?"

అప్పుడు లోపలి గదిలోంచి అత్త మహాలక్ష్మమ్మ గొంతు వినిపించింది. "ఎవురి మేకు పీకుతన్నారు? నాదేనా?"

మా ఆయన టీ గ్లాసుతో వంటింట్లోకి జారుకున్నారు.

ఆ గోడకు రెండు మేకులు. ఒకదానికి మా మామగారు కూర్మయ్య ఫోటో, దానికి గంధపు చెక్కల దండ. నాలుగేళ్ల కిందట ఆ ఫోటో తగిలించిన రోజే అత్త రెండో మేకు కూడా కొట్టించింది, అదే ఎత్తులో. అది తను పోయాక తన ఫోటోకు. కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా వరస క్వార్టర్లలో చాలా ఇళ్లలో ఇలా జంట మేకులున్నాయి. ఖాళీగా ఉంటే బాగోదని నేనే దానికి క్యాలెండరు తగిలించాను. ఏటేటా క్యాలెండరు మారేది. మేకు సంగతి మరిచిపోయాం.

ఇప్పుడు అది ఎందుకు గుర్తొచ్చిందంటే, నాకొక పని దొరికేలా ఉంది. హైదరాబాదు నుంచి నడిచే ఒక ఆన్‌లైన్ బడిలో, బయట రాష్ట్రాల్లో పెరిగే పిల్లలకు తెలుగు చదవడం నేర్పాలి. నేను చెప్పిన నమూనా పాఠం వాళ్లకు నచ్చింది. బి.ఏ. పూర్తిచేసిన ఇరవై రెండేళ్లకు, నేను చెప్పింది విని బాగుందని ఒక పరాయి మనిషి అనడం అదే మొదలు. అయితే టీచరే తమ బ్రాండని, ముందు పర్సనల్ బ్రాండింగ్ ఫోటోషూట్ చేయించుకోవాలని రెండు పేజీల సూచనలు పంపారు. అయిదు ఫోటోలు సోమవారం పొద్దుటికల్లా అందాలి. లేదంటే పని జాబితాలో నా తర్వాతి మనిషికి వెళుతుంది.

మొదట మా మరిది పెళ్లి ఫోటోలోంచి నన్ను కత్తిరించి పంపాను. భుజం మీద ఎవరిదో చెయ్యి ఉండిపోయింది. ఒక్కరే ఉన్నది పంపమన్నారు. ఆల్బములన్నీ దించి వెతికాను. డిగ్రీ హాల్‌టికెట్టు తర్వాత నేనొక్కదాన్నే ఉన్న ఫోటో ఒక్కటీ లేదు. మా వాళ్లలో పెద్దవాళ్లు మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి ఫోటో తీయించరు. అలా తీయిస్తే అది దండ కోసమే.

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉండే విశాల్ పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు. ఆదివారం మా దగ్గరలోనే ఒక పెళ్లి ఉందని, పొద్దున ఒక గంట వచ్చి తీసి పెడతానని ఒప్పుకున్నాడు. "మేకును నేను కంప్యూటర్లో తీసేస్తాను బౌదీ, గోడ జోలికి పోకండి" అన్నాడు, బంగ్లాలో వదినా అని పిలుస్తూ. వారం రోజులు గోడను చూసి చూసి, ఎదుటి బ్లాకు నీడ పడకముందు ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదింబావు దాకా మంచి వెలుతురు ఉంటుందని కనిపెట్టాను. మామగారి ఫోటో పడకుండా రెండో మేకు కిందనే కుర్చీ వేశాను. అంచు పెద్దగా లేని లేత పసుపు నేత చీర ఉతికి గంజి పెట్టాను. పలక, పుస్తకం, తర్వాత నవ్వుతూ ఒకటి అని కాగితం మీద వరస రాసుకున్నాను.

గురువారం పుష్పరాణి తన ఫోనులో నమూనాకు కొన్ని తీసింది.

"అమ్మా, తిన్నగా కూర్చో. మళ్లీ వంగుతున్నావు."

"తిన్నగానే ఉన్నాను కదే."

ఫోను చూపించింది. ఇరవై ఫోటోల్లోనూ నేను ఎడమ పక్కకు ఒరిగి ఉన్నాను, పక్కన ఇంకొకరు పట్టడానికి చోటిస్తున్నట్టు. అక్కడ ఎవరూ లేరు. ఆ ముఖం నాదే అని చెప్పడానికి కూడా ఏ గుర్తూ కనిపించలేదు. "ఇంకోసారి తియ్యి" అన్నాను. గుమ్మంలో నిలబడి అత్త ఇదంతా చూస్తోంది.

శుక్రవారం పొద్దున అత్త తన చెవి కమ్మలు తీసి పుష్పరాణి చేతిలో పెట్టింది. ఇత్తడి బిందె మా ఆడపడుచు రమాకుమారికి ఇమ్మంది. అన్నం పెడితే కంచం పక్కకు జరిపేసింది.

"ఏమయింది అత్తా?"

"నన్నడుగుతావేటి? ఆస్పటల్నుంచి వచ్చి నెల కాలేదు. మేకు ఖాళీ సేసినారు. దాని కింద కుర్సీ ఏసినారు. లేత రంగు సీర ఇస్త్రీ సేసినారు. ఆదోరం పొటోలోడు వత్తాడంతన్నారు. నాకు తెలీదేటి?"

"ఆ ఫోటో నాకు. పిల్లలకి చదువు చెప్పే పనికి."

"మీ మావకి పింఛనన్నావు. నాకు పిల్లల సదువంతన్నావు."

ఆవిడ జరిపేసిన కంచం మళ్లీ ముందుకు జరిపాను.

మామగారికి ఇంక ఎక్కువ రోజుల్లేవని డాక్టరు చెప్పినప్పుడు, ఇంట్లో చదువుకున్నదాన్ని కనక నా మాటయితే నమ్ముతారని, ఫోటో తీయించడానికి ఏదో ఒక సాకు నన్నే చెప్పమన్నారు ఇంట్లోవాళ్లు. "మావయ్యా, పింఛను కాగితాలకి కొత్త ఫోటో కావాలట" అన్నాను. ఆయన గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా వేసుకుని, "గవర్మెంటోళ్లకి నవ్వితే పనికిరాదు గదమ్మా?" అని నన్నే అడిగి బిగుసుకుని కూర్చున్నారు. ఇరవై రోజులకు ఆ ఫోటో గోడెక్కింది. అందుకే అందులో ఆయన నవ్వరు.

"ఒట్టు అత్తా, డాక్టరు నీకేమీ లేదన్నాడు."

"అప్పుడూ ఒట్టేసినావు."

డాక్టరు చేత ఫోనులో చెప్పించారు మా ఆయన. డాక్టరుబాబు కూడా మీరు సెప్పమన్నదే సెప్తాడంది. పుష్పరాణికి జాలేసి, నేను రాసుకున్న కాగితం తెచ్చి "నానమ్మా, చూడు, ఇందులో ఉంది" అని చదవబోయింది. మా పిల్ల తెలుగు మాట్లాడుతుందే గాని, చదువు బంగ్లాలో, ఇంగ్లీషులో సాగింది. "ప... పలకతో... ఒ... ఒక..." అంటూ కూడబలుక్కుంటోంది.

"ఆపేయ్ గుంటా. నీకు అబద్దం కూడా అప్పటికప్పుడు అల్లడం రాదు" అంది అత్త.

పుష్పరాణి నా వంక చూసింది. ఎవరి పిల్లలకో చదవడం నేర్పుతానని బయల్దేరినదాన్ని. నేను తల దించుకున్నాను.

శనివారం పొద్దుటికి అత్త అన్నం ముట్టి ఒక రోజు దాటింది. షుగరు మాత్రలు వేసుకోనంది. లేచి రెండడుగులు వేసి తలుపు పట్టుకుని కూలబడింది. నేనే సంత్రాగాఛి వెళ్లి తీయించుకుందామంటే విశాల్‌కు ఖాళీగా ఉన్నది ఆ ఒక్క గంటే. ఆ గంటలో మా ఆయన డ్యూటీలో ఉంటారు, ఈ స్థితిలో అత్తను పుష్పరాణి ఒక్కదానికీ వదిలి వెళ్లలేను.

మా ఆయన వంటింట్లోకి వచ్చి గొంతు తగ్గించారు. "ఎలాగూ కెమెరా వత్తంది గదా. అమ్మదీ ఒకటి తీయించేద్దుమా? దాని అనుమానం ఎలాగూ పోదు. రేపెప్పుడైనా..."

"అంటే ఆవిడ అనుకున్నదే నిజం చేద్దామా?"

"అలాగని కాదే..."

ఆయన అక్కడి నుంచి వెళ్లిపోయారు. ఆయన అన్నదానికి కోపం రాలేదు. నిన్నటి నుంచీ ఆ ఆలోచన నా మనసులోనూ ఉంది. అందుకే నాకు భయమేసింది. ఆదివారం నేను ఆ కుర్చీలో కూర్చుని పలక పట్టుకుని నవ్వుతాను. లోపలి గదిలో ఆవిడ తన వంతు ఎప్పుడొస్తుందా అని చెవులు రిక్కించి పడుకుని ఉంటుంది. నా నవ్వు ఎలా వస్తుందో నాకు తెలుసు.

పొయ్యి తగ్గించి విశాల్‌కు ఫోను చేశాను. తర్వాత బడివాళ్లకు మూడు వాక్యాలు రాశాను. రెండోసారి చదివి, ఒక తప్పు దిద్ది పంపాను. నిమిషంలో జవాబొచ్చింది, సంతోషం, మీకు మంచి జరగాలని.

మధ్యాహ్నం వంకాయ మెత్తళ్ల పులుసు చేశాను. అది అత్తకు ఇష్టం. మా ఆయన ఆవిడను పట్టుకొచ్చి పీట మీద కూర్చోబెట్టారు. ఆవిడ కంచం వైపు చూడకుండా గోడ వైపు, ఆ ఖాళీ మేకు వైపు చూస్తూ కూర్చుంది.

"రేపు ఫోటోలాయన రాడు. నేనే వద్దన్నాను" అన్నాను అందరికీ వినపడేలా.

పుష్పరాణి చెయ్యి కంచంలో ఆగిపోయింది. "అమ్మా, సోమవారం కల్లా..."

"ఆ పనీ వద్దని రాసేశాను."

అత్త మెల్లగా తల తిప్పి నా ముఖంలోకి చూసింది. "ఒట్టా?"

ఒట్టు పెట్టలేదు. వేడన్నం ఆవిడ కంచంలో వేసి, పులుసు పోసి, మా ఆయన వైపు తిరిగాను.

"తిన్నాక ఆ కుర్చీ తీసెయ్యండి. క్యాలెండరు ఆ మేకుకే తగిలించండి."